ఊరుకోలేని చేతులు

హిల్కాకు కూర్చోవడం రాదు. అరవై దగ్గరపడుతున్నా కాఫీ నిలబడే తాగుతుంది, అదీ కిటికీ దగ్గర ఒక గుక్క, గుమ్మం దగ్గర ఇంకో గుక్క. తండ్రి అడవిలో చెట్లు కొట్టేవాడు, తల్లి ఆ కూలీలకు వండిపెట్టేది. నరికే అడవి ఎటు జరిగితే సంసారమూ అటే జరిగేది. ఒకే కిటికీలోంచి రెండుసార్లు మంచు కరగడం చూసిన గుర్తు చిన్నతనంలో ఆమెకు లేదు. అలాంటి మనిషి ఉత్తరాది మంచుదేశంలో, కాయినూ అడవుల అంచున ఒక వృత్తి బడిలో దుంగలతో ఇల్లు కట్టడం నేర్పుతూ ఇన్నేళ్లు నిలిచిందంటే, అక్కడ కూర్చునే పని లేకపోవడం వల్లే.

ఆమె దగ్గర పరీక్షలు లేవు. దానికో కథ ఉంది. తనూ ఇలాంటి బడిలోనే చదివింది. దుంగలు ఎండితే గోడ ఎంత కుంగుతుంది, తలుపు పైన ఎంత ఖాళీ వదలాలి అని అడిగితే తడుముకోకుండా రాసి పూర్తి మార్కులు కొట్టేసింది. ఆ వేసవిలోనే పిన్నికి పశువుల కొట్టం కట్టి, ఆ ఖాళీ వదలడం మరిచింది. చలికాలానికి గోడలు కుంగి తలుపు బిగిసింది. గడ్డి లోపల, ఆవులు బయట. కాగితానికి తెలిసింది చేతికి తెలియలేదని అప్పుడర్థమైంది.

అందుకే తన దగ్గర చేరినవాళ్లకు రెండే పనులు పెట్టింది. ఏడాది పొడుగునా అందరూ కలిసి ఒక సౌనా, అంటే ఆవిరిస్నానపు గది, కట్టాలి. రోజూ పని ముగిశాక పొయ్యి చుట్టూ చేరి నోటుపుస్తకంలో రాసుకోవాలి: ఇవాళ ఏం చెడగొట్టాను, దానివల్ల ఏం తెలిసింది. కట్టింది చూసి, రాసింది చదివి, ఎవరెంత నేర్చారో ఆమె తేలుస్తుంది.

మాటలు పొదుపు చేసే జనం చేత దినచర్య రాయించడం చేపల చేత పాట పాడించడమే. మౌనంలోనూ రకాలున్నాయి. కొన్ని దేశాల్లో అది అలక, కొన్నింట్లో భయం. ఇక్కడ మర్యాద. అడగకుండా ఎదుటివాడి పని గురించి మాట్లాడటమంటే బురద బూట్లతో అతని నట్టింట్లోకి వెళ్లడం. అయినా తంటాలు పడి అందరూ రాస్తూనే వచ్చారు. రాకెల్ అనే పిల్లయితే గొడ్డలిని తిట్టిన తిట్లతో సహా పేజీలు నింపేది.

చిక్కంతా ఐమోతో. కాగితం మిల్లు మూతపడ్డాక, యాభై దాటిన వయసులో, ఈ పనికి వచ్చాడు. పక్క ఊరి మేస్త్రి "సర్టిఫికెట్ పట్టుకుని సోమవారం పనిలోకి రా" అన్నాడు. ఇవాళ బుధవారం. సౌనాలో ఉత్తరపు మూల అతనిది, దుంగల సందున గోరు దూరదు. పుస్తకంలో మాత్రం సెప్టెంబరు నుంచి ఒకటే వరస. "దుంగలు చెక్కాను. వాన." "దుంగలు చెక్కాను. మంచు." తన పనిని తానే తూచుకున్నట్టు రాతలో కనబడకపోతే సర్టిఫికెట్ ఇవ్వకూడదని బడి నియమం. పట్టుబట్టి ఆ నియమం పెట్టించింది హిల్కాయే.

ఆమెకు కాలు నిలవడం లేదు. సరస్సు దాకా వెళ్లింది. మంచుగడ్డ నల్లబడి అంచుల్లో నీళ్లూరుతున్నాయి. తిరిగొచ్చింది, మళ్లీ వెళ్లింది. కాఫీ వేళకు ఐమో ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఐమో, ఒక్క తప్పు రాయవయ్యా. చిన్నదైనా చాలు."

"ఏ తప్పు?"

"నువ్వు చేసిందే! ఇన్ని నెలల్లో ఒక్కటీ చేయలేదా? దేవుడే ఆరు రోజులు పనిచేసి ఏడో రోజు నడుం వాల్చాడు. నువ్వు ఆయన్నీ మించిపోయావా?"

రాకెల్ ఏలకుల బన్ను నములుతూ, "దేవుడూ దినచర్య రాయలేదుగా హిల్కా, ఆయన్నీ ఫెయిల్ చేస్తావా?" అంది.

"నువ్వు నోర్మూసుకుని బన్ను తిను."

ఐమో కప్పు కింద పెట్టాడు. "ఒకటడుగుతా. టోంట్టు చేసిందని రాయొచ్చా?"

టోంట్టు అంటే కంటికి కనబడకుండా సౌనాను కాచుకునే పొట్టి గడ్డపాయన. చివరి ఆవిరి ఆయనకు వదిలి రావాలని పెద్దలు చెబుతారు.

"వేళాకోళమా?" అంది హిల్కా.

"కాదు. సాయంత్రం దుంగకు చెక్కిన గాడి వంకరపోయి వదిలేసి వెళ్తా. ఇంటికెళ్లినా అదే ధ్యాస, ఎక్కడ తప్పాను, రేపెలా సర్దాలి అని. పొద్దున వచ్చి చూస్తే దుంగ బుద్ధిగా కూర్చునుంటుంది. ఒక్కసారైతే సరే అనుకోవచ్చు. చెడగొట్టానని రాస్తే, చెడిందేది, చూపించమంటావు. బాగా చేశానని రాస్తే అబద్ధం. ఇక వాన, మంచు తప్ప ఏం మిగిలింది నాకు?"

హిల్కా రాకెల్ వైపు తిరిగింది. "నీకూ తెలుసా?"

"అందరికీ తెలుసు. పొద్దున్నే కొత్త పేళ్లు కనబడతాయిగా."

"మరి చెప్పరేం?"

"నువ్వు అడగలేదుగా."

సాయంత్రాలు సౌనాకు తాళం వేయడానికి వెళ్లి హిల్కా ఊరికే ఒక చుట్టు తిరుగుతుంది. ఎక్కడో ఒక గాడి కంట్లో పడుతుంది. చేతిలో ఉలి ఎప్పుడు చేరిందో తెలియదు. అలా ఒక పేడు, ఇంకో పేడు. పొలంలో కలుపు మొక్క కనబడితే పీకకుండా ఎవరు పోతారు? తప్పని ఎన్నడూ తోచలేదు. ఇప్పుడు ఆ ఉత్తరపు మూలను తలుచుకుంటే అందులో ఐమో ఎంత, తానెంత అన్నది తనకే తెలియడం లేదు.

తాళంచెవి తీసి ఐమో ముందు పెట్టింది. "రేపు కొత్తగా కట్టే కట్టెల కొట్టానికి మొదటి మూల నువ్వొక్కడివే వెయ్యి. నేను చూస్తా, అంతే."

"చూడగలవా?" అన్నాడు ఐమో.

గురువారం ఆమె మొద్దు మీద కూర్చుంది. బడిలో ఆమె కూర్చోగా చూడటం రాకెల్‌కు అదే మొదలు. ఐమో దుంగ దొర్లించి, కింది దుంగ ఒంపును దాని మీద గీసుకుని, చెక్కడం మొదలెట్టాడు. గీతను ఉంచి చెక్కాలి. అతను గీతనే తినేస్తున్నాడు. హిల్కా చెయ్యి లేచింది. దాన్ని తొడ కింద పెట్టుకుంది. రెండోది లేస్తే దాన్నీ పెట్టుకుంది. కాళ్లు మాత్రం నేలను తన్నుతూనే ఉన్నాయి.

దుంగ దించాడు. మధ్యలో పిల్లి తల పట్టేంత సందు.

"పాడు!" అన్నాడు ఐమో. హిల్కా వైపు చూశాడు. ఆమె సరస్సు వైపు చూస్తోంది. అతను దుంగ చుట్టూ తిరిగాడు, వంగి ఒక కన్ను మూసి చూశాడు, తల గోక్కున్నాడు, మళ్లీ ఎత్తి తిరగేసి కొత్త గీత గీశాడు. పొద్దువాలేసరికి దుంగ మళ్లీ కూర్చుంది. గోరు దూరుతోంది, చాకు మొన కూడా. కానీ దూరేది అంతవరకే.

ఆ సాయంత్రం ఐమో నాలుక బయటపెట్టి రాశాడు. కాఫీ చల్లారినా రాస్తూనే ఉన్నాడు. గీతను ఎందుకు తిన్నాడో, కన్ను ఎక్కడ మోసపోయిందో, రెండోసారి ఎటునుంచి చెక్కాడో, అన్నీ ఉన్నాయి. వాన సంగతి మాత్రం మరిచిపోయాడు.

శుక్రవారం సర్టిఫికెట్ మీద సంతకం పడింది. మధ్యరకం మార్కు.

"మరి ఉత్తరపు మూలకు?" అని రాకెల్ గుచ్చింది.

"దానికి లేదు. అది సగం నాది."

ఆ సాయంత్రం సౌనా వేడెక్కింది, అందరూ ఆవిరి పట్టి ఇళ్లకు పోయారు. హిల్కా మాత్రం కట్టెల కొట్టం దగ్గర ఆగింది. ఆ సందు వంక చూసింది. కోటు జేబులో ఉలి ఉంది. ఇంటివైపు నాలుగడుగులు వేసింది, వెనక్కొచ్చింది. సందులో వేలు పెట్టి చూసి, మళ్లీ ఇంటివైపు నడిచింది.