ఉబ్బిన మట్టి ప్యాకెట్లు

మూడేళ్ల కిందట, తుపాను విశాఖ దగ్గర తీరం దాటాక, రోడ్లు తెరుచుకున్న రోజు ఉదయం నాకు ఫోన్ వచ్చింది. నేను వన్ టౌన్‌లో ఉండే ఫ్రిజ్ మెకానిక్‌ని. ఎక్కువగా రొయ్యల కోల్డ్ స్టోరేజీల్లో పని. ఫోన్ చేసింది మాత్రం ఒక పరిశోధనశాలలో పనిచేసే శైలజ మేడమ్. విశాఖ పక్కనున్న దువ్వాడ మనిషి. ఆమె డీప్ ఫ్రీజర్ బిగించింది నేనే. అందులో పెట్టేది మట్టి అని చెబితే అప్పట్లో నవ్వొచ్చింది.

అది ఆమె ఆర్కిటిక్ నుంచి తెచ్చుకున్న మట్టి. అక్కడ నేల వేల ఏళ్లుగా కరగకుండా రాయిలా గడ్డకట్టి ఉంటుందట. పెర్మాఫ్రాస్ట్ అంటారు. దాన్ని కొంచెం కొంచెంగా కరిగిస్తూ, బయటికొచ్చే వాయువులను కొలవడం ఆమె పని.

తుపానుకి కరెంటు పోయింది. జనరేటర్ గదిలోకి నీళ్లొచ్చాయి. రెండు రోజులు అటు ఎవరూ వెళ్లలేకపోయారు. నేను చేరేసరికి మేడమ్ ఫ్రీజర్ ముందు నిలబడి ఉంది, మూత తీసే ధైర్యం లేక.

నేను తీశాను. పై వరుసలో, గాలి లేకుండా సీలు వేసిన ప్యాకెట్లన్నీ ఉబ్బి ఉన్నాయి. పాడైన రొయ్యల ప్యాకెట్లు అలా ఉబ్బుతాయని తెలుసు. మట్టి ఉబ్బడం నేనెప్పుడూ చూడలేదు. ఒకటి చిట్లి, కుళ్లిన ఆకుల వాసన ముక్కుకి కొట్టింది.

అడుగున ఉన్నవి ఇంకా గట్టిగానే ఉన్నాయి. వెంటనే నా స్నేహితుడు నూకరాజుకి ఫోన్ చేశాను. వేటకి వెళ్లడం ఆగిపోయి అతని పడవలో ఐసు మిగిలిపోయింది. దాంతోపాటు గల్లుప్పు కూడా తెమ్మన్నాను. ఉప్పు కలిపితే ఐసు ఇంకా చల్లబడుతుంది. అతను ఆటోలో వచ్చి, ఫ్రీజర్‌లోకి తొంగిచూశాడు.

"ఏటి బావా, ఐసు మట్టికా? సేపలనుకున్నాను."

మేడమ్ చిట్లిన ప్యాకెట్లోంచి ఒక గడ్డి వేరు తీసి అతని అరచేతిలో పెట్టింది. అది వేల ఏళ్ల కిందటిదని చెప్పింది. నూకరాజు దాన్ని జాగ్రత్తగా మళ్లీ ప్యాకెట్లో పెట్టాడు. తర్వాత ముగ్గురం కలిసి కరగని ప్యాకెట్ల చుట్టూ ఐసు పేర్చాం. కరెంటు వచ్చేదాకా అవి నిలిచాయి.

ఉబ్బిన ప్యాకెట్లలోని గాలిని ఆమె సిరంజితో తీసి, గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో, అంటే ఏ వాయువు ఎంతుందో చెప్పే యంత్రంలో పెట్టింది. కంప్రెసర్ చూడ్డానికి వెళ్లిన రోజు నన్ను పిలిచి తెర చూపించింది. కార్బన్ డయాక్సైడ్, మీథేన్ రెండూ ఉన్నాయి. కొంత ఆ మంచులో చిక్కుకున్నదే. మిగతాది, కరగగానే సూక్ష్మజీవులు మేలుకుని ఆ పాత వేర్లను తినడం వల్ల పుట్టింది. భూమిని వేడెక్కించేవి ఆ వాయువులే. వేడెక్కితే ఇంకాస్త నేల కరుగుతుంది.

అలాంటి నేల అక్కడ ఎంతుంటుందని అడిగాను. దువ్వాడలో రైలెక్కి ఢిల్లీ వెళ్లినా అయిపోనంత అంది.

"మళ్లీ గడ్డకడితే సరిపోద్దా మేడమ్?"

"గడ్డకడతాది అన్నా. వచ్చేసిన గాలి లోపలికెల్లదు కదా."

కోల్డ్ స్టోరేజీ మీటరు మళ్లీ మైనస్‌లోకి దిగితే అంతా బాగుపడిందని యజమానులు అంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఇప్పుడు మిషను ఆన్ చేసే ముందు తలుపు తీసి, కరిగిన సరుకు వాళ్లకే చూపిస్తాను. గడ్డకట్టాక అది చూడ్డానికి మంచి సరుకులాగే ఉంటుంది.