పెర్సెఫోనీ వద్దన్న పేరు

పెర్సెఫోనీకి ఆ పేరు పెట్టింది, జ్ఞానస్నానంలో జ్ఞానతండ్రిగా నిలబడ్డ బడిపంతులు. ఆయనకు పాత గ్రీకు పురాణాల పిచ్చి. పాతాళరాజు ఎత్తుకుపోయిన పిల్ల పేరది. తల్లి శోకానికి పొలాలన్నీ ఎండిపోతే, ఏడాదిలో కొన్ని నెలలు పిల్లని పైకి పంపారట, అదే వసంతమట. పంతులికి అందులో వసంతం కనిపించింది. ఊరికి పాతాళమే కనిపించింది.

"ఆ పేరుతో పునీతురాలెవరూ లేరయ్యా," అని ఫాదర్ సణిగాడు. పునీతురాలు లేకపోతే పేరుపండగ లేదు. ఆ ప్లొమారి ఊళ్ళో మరీనాలకీ కాతెరీనాలకీ ఏటా తమ పేరున్న పునీతురాలి రోజున ఇంటినిండా జనం, పళ్ళేల నిండా మిఠాయిలు. పెర్సెఫోనీ మాత్రం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఇంకొకరి పండగలకు వెళ్ళి రావడమే.

కొడుకు స్ట్రాతిస్‌కి తొలికాన్పు ఆడపిల్ల. తొలి ఆడపిల్లకి నాన్నమ్మ పేరే పెడతారు. అయినా కోడలు మిర్సీనీ మర్యాదకి అడిగింది.

"అయ్యో, వద్దే తల్లీ! పండగ లేని పేరు, నాతోనే పోనీ," అంది పెర్సెఫోనీ.

బతిమాలించుకోవడం ఎవరికి చేదు? కొడుకు అడిగినా అదే పాట పాడింది. లోపల మాత్రం, తాను పోయాక కూడా వీధిలో ఎవరో ఆ పేరుతో ఒక పిల్లని అన్నానికి కేకెయ్యాలని ఆమె ఆశ.

జ్ఞానస్నానం నాడు పెర్సెఫోనీ కొత్త గౌను తొడుక్కుని ముందు వరసలో నిలబడింది. ఫాదర్ పేరడిగాడు.

"మరీనా!" అంది జ్ఞానతల్లి.

పిల్లని నీళ్ళలో ముంచారు. పేరు ఖాయమైపోయింది.

విందులో వేయించిన చేపల పళ్ళేన్ని ఆమె పక్కకు జరిపేసింది.

"ఏమే, నీ పేరు ఏ పాతాళంలో దాచావు?" అంది పక్కింటి దెస్పీనా.

"నేనే వద్దన్నా," అంది పెర్సెఫోనీ తలెత్తి. వెంటనే వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. మిర్సీనీ వెనకాలే వచ్చింది.

"ఏమైంది అత్తయ్యా?"

"వద్దంటే మానేస్తారటే? ఇంకోసారి అడగొద్దూ?"

మిర్సీనీ అక్కడే కూలబడింది. "నాకా పేరంటే ప్రాణం అత్తయ్యా. కడుపులో ఉన్నన్నాళ్ళూ దాన్ని పెర్సెఫోనీ అనే పిలిచా. మీ మాట కాదనలేక మానుకుని, పండగ ఉన్న పేరని మరీనా అన్నాం. ఈసారి ఆడపిల్ల పుడితే తప్పకుండా..."

"కాదే. రెండోదానికి మీ అమ్మ పేరు పెట్టాలి," అంది పెర్సెఫోనీ, ముక్కు తుడుచుకుంటూ. "ఆవిడా వద్దంటుంది. నువ్వు మాత్రం వినకు."