నాలుక బయటపెట్టిన జనరేటర్

ఆ శనివారం నేను చేసిన తప్పు ఒక్కటే. బాగా పనిచేస్తున్న జనరేటర్‌ని బాగుచేశాను. దాంతో మా ఇంట్లో ఎంత ప్రళయం వచ్చిందో మీకు చెప్పుకుంటే తప్ప నా పాపం కరగదు.

అప్పట్లో ఫిల్మ్‌నగర్‌లో ఒక గుట్ట పక్కన అద్దెకుండేవాళ్ళం. మా ఆవిడ శారద సినిమాలకు డబ్బింగ్ చెప్పేది. తెర మీద హీరోయిన్ పెదాలు కదిపితే హాల్లో వినబడే గొంతు శారదది. పేరు మాత్రం టైటిల్స్‌లో ఎక్కడా ఉండదు. తెనాలి నుంచి వచ్చి మా దగ్గరుంటున్న అమ్మకి ఈ ఉద్యోగం ఎంతకీ కొరుకుడు పడలేదు.

"నోరు ఆ పిల్లది, మాట నీదీనా? మరి నువ్వు ఏ సీన్లో కనిపిస్తావే?" అనేది.

"కనిపించను అత్తయ్యా," అని శారద నవ్వేసేది. ఆ నవ్వులో ఎంత చిన్నబోయేదో నాకు తెలుసు.

ఆ సాయంత్రం దూరదర్శన్‌లో వచ్చేది, తను మొదటిసారి హీరోయిన్‌కి చెప్పిన సినిమా. అత్తయ్య ఒక్కసారి వింటే చాలని శారద ఆశ. కరెంటు పోతే ఎలాగని, తెలిసిన షూటింగ్ వాళ్ళని బతిమాలి చిన్న జనరేటర్ తెచ్చాను. తాడు లాగితే స్టార్టయ్యే రకం. లాగాను, అయింది. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? తాడు కాస్త పీచులు లేచినట్టు కనిపించింది. ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు. నా చేతిలో స్క్రూడ్రైవర్ ఉన్నంత ఉపద్రవమూ లేదు.

"పనిచేస్తోంది కదండీ, విప్పడం ఎందుకు?" అంది శారద.

"నీకు తెలీదు. ముందుజాగ్రత్త."

మూత తీయగానే, లోపల చుట్టచుట్టుకుని పడుకున్న స్ప్రింగు బుట్టలోని నాగుపాములా లేచి, నా చెవి పక్కనుంచి ఎగిరి, అమ్మ ఆరబెట్టిన వడియాల్లో పడింది.

అమ్మ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, "ఇదీ వేయించాలా?" అని అడిగింది.

మధ్యాహ్నమంతా కుస్తీపట్టి దాన్ని లోపల కూర్చోబెట్టాను. బట్టలారేసే నైలాన్ తాడు కోసి బిగించాను. మళ్ళీ లాగి చూడలేదు. నా పనితనం మీద నాకంత గురి.

సినిమా మొదలైంది. పక్కింటి మల్లేశ్ కూడా వచ్చి కూర్చున్నాడు. సరిగ్గా హీరోయిన్ తల్లి ముందు నోరు విప్పబోయే చోట కరెంటు పోయింది. నేను విజయగర్వంతో వరండాలోకి వెళ్ళి తాడు లాగాను. మూరలకొద్దీ బయటికొచ్చింది, తిరిగి లోపలికి పోలేదు, జనరేటర్ స్టార్టవలేదు. ఆ స్ప్రింగుని ముందే బిగువుగా తిప్పి పెట్టాలట. లోకంలో అందరికీ తెలిసిన ఈ సంగతి నాకు మర్నాడు తెలిసింది.

మల్లేశ్ టార్చి వేసి చూశాడు. "గిదేందన్నా, నాలుక బయటపెట్టింది? పానం పోయినట్టుంది."

"జర ఆగు మల్లేశ్."

"నేనాగుతనే. సిన్మా ఆగదు గద."

శారద లోపల ఆరిపోయిన టీవీ ముందు నుంచి లేవలేదు. నన్ను తిట్టివుంటే బాగుండేది.

చీకట్లో అమ్మ అడిగింది. "ఇంతకీ ఆ పిల్ల తల్లితో ఏమంటుందే? నీకు తెలిసే ఉంటుందిగా."

శారద గొంతు సవరించుకుంది. ఆ డైలాగు మొదలుపెట్టింది.

"అమ్మా, నన్ను తిట్టు, కొట్టు. పరాయిదాన్ని చూసినట్టు మాత్రం చూడకు."

రోజూ పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగే గొంతు ఇదేనా అని నేనే నివ్వెరపోయాను. మల్లేశ్ టార్చి ఆర్పేశాడు. శారద ఆ సీనంతా చెప్పింది, ఏడుపుతో సహా. ఎక్కడో అమ్మ ముక్కు చీదిన చప్పుడయింది.

శారద తర్వాతి సీను మధ్యలో ఉండగా కరెంటొచ్చింది. టీవీలో హీరోయిన్ నోరు తెరిచింది.

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ విసుక్కుంది. "ఆ టీవీ కట్టెయ్యరా. కోడలు చెబుతుంటే మధ్యలో ఆ పిల్లెవరు?"

మర్నాడు జనరేటర్‌ని పని తెలిసినవాడితో బాగుచేయించి ఇచ్చేశాను. ఆ తర్వాత ఓ ఆదివారం వీసీఆర్, ఆ సినిమా క్యాసెట్ కిరాయికి తెచ్చాను. టైటిల్స్ మొదలవగానే 'గాత్రం: శారద' అని పెద్దక్షరాలతో రాసిన కాగితాన్ని టీవీ అద్దం కింది భాగంలో అంటించి, సినిమా అయ్యేదాకా తియ్యలేదు. హీరోయిన్ గడ్డం కనపడలేదని ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

ఆ కాగితం సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: నడుస్తున్న యంత్రాన్ని ఈ జన్మలో బాగుచేయను. ఆ సమయంలో వీసీఆర్ కాస్త గరగరమంటున్నా చేతులు కట్టుకునే కూర్చున్నాను. అమ్మ మాత్రం ఎందుకైనా మంచిదని స్క్రూడ్రైవర్‌ని తీసుకెళ్ళి వడియాల డబ్బాలో దాచింది.