ఫారిన్ చీర, పొంగిన అన్నం

ఇవాళ పొద్దున ఫారిన్ నైలాన్ చీర కొనబోయి ఆగాను. తెనాలి నుంచి చీరల మూట తెచ్చే మంగమ్మ పిన్ని మా అంగలకుదురు వచ్చి, వంటింటి గుమ్మంలో కూర్చుని మూట విప్పింది. ఓడలో మద్రాసు వచ్చిన సరుకట. చీరాల నేతచీర ధరలో సగమే, పైగా ఇస్త్రీ అక్కర్లేదు. ఏడాదికి నేను కొనుక్కునేది ఒక్క చీర, అందుకని మనసు లాగింది.

దాన్ని భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంటుంటే పొయ్యి మీద అన్నం పొంగింది. పరిగెత్తి, అలవాటు కొద్దీ ఆ కొత్త కొంగుతోనే గిన్నె పట్టుకోబోయాను. పిన్ని నన్ను పక్కకు నెట్టి, తన కొంగు మడిచి గిన్నె దించేసింది.

"నైలానమ్మా, కరిగి చేతికి అంటుకుపోద్ది."

అప్పుడు చూశాను, ఆవిడ కట్టింది నేతచీర.

"మరి నువ్వు ఈ నైలాను కట్టవేం పిన్నీ?"

"నాకు మాత్రం వంట లేదా అమ్మాయ్" అంది తాపీగా.

చెయ్యి దక్కింది. నేతచీరే తీసుకున్నాను. ధర ఎక్కువే గానీ, అందులో మసిగుడ్డ కూడా కలిసొచ్చింది. మీలో ఎవరైనా మసిగుడ్డ వెతికి మరీ గిన్నె దించేవాళ్లుంటే చెప్పండి, ఒకసారి వచ్చి చూసి వెళ్తాను.