యాకోబు తొక్కేసిన మట్టిపెళ్ల

మెదక్‌ల చర్చి వెనుక గల్లీల అందరూ ఆయనను నేవీ యాకోబు అంటరు. ఆ పేరు వినంగనే కొత్తోళ్లు, "ఏ ఓడ మీద చేసినవ్? ఎన్ని దేశాలు తిరిగినవ్?" అని అడుగుతరు. యాకోబు ఏ ఓడా ఎక్కలే. ముప్పై ఎనిమిదేండ్లు విశాఖపట్నంల నేవీ వాళ్ల ఫౌండ్రీల మోల్డర్‌గ పనిచేసిండు. ఓడలకు కావలసిన వాల్వులు, బుష్‌లు, పంపు బాడీలు పోతపోసే జాగ అది. మోకాళ్ల మీద కూసొని, ఇనుప పెట్టెల ఇసుక దంచి, కట్టె నమూనాతోని అచ్చు తీసుడు ఆయన పని. కరిగిన లోహాన్ని ఆ అచ్చులనే పోసేటోళ్లు.

"ఓహో, ఇసుక పనా?" అంటరు అడిగినోళ్లు. ఇగ వేరే ముచ్చట్ల పడతరు.

రిటైరై మెదక్ వచ్చినంక రెండర్రల ఇల్లు కట్టుకున్నడు. పిల్లలు లేరు. భార్య రెబెకా బట్టలు కుట్టేది. మిషన్ చప్పుడు, ఆమె మాట, అంతే ఆ ఇంట్ల సందడి. ఆదివారం ఇద్దరూ కలిసి గుడికి పోయేటోళ్లు. మనసుల ఏ తప్పు దాచుకోకుంట రొట్టె, ద్రాక్షరసం తీసుకోవాల్సిన ఆదివారం మాత్రం రెబెకా ఒక్కతే ముందుకు పోయి మోకరించేది. యాకోబు ఎనుక బెంచీల కూసొని తన చేతులు చూసుకునేటోడు.

"నీకేమైంది? ఎందుకు తీసుకోవు?" అని ఆమె ఎన్నో ఏండ్లు అడిగింది. ఆయన చెప్పలే.

ఆఖరికి దవాఖానల, ఆమె ఇగ ఎక్కువ రోజులు ఉండదని తెల్సినంక చెప్పిండు. ఆమె కండ్లు మూసుకొని మొత్తం విన్నది.

"ఇది నాకు చెప్తే ఏమొస్తది? ఆయనకు చెప్పు" అన్నది.

ఆయన అంటే నర్సింగం. శంకరంపేట దిక్కు కాపోళ్ల పిలగాడు. ఇంట్ల పొలమున్నా ఎవుసం చెయ్యనని కొట్లాడి, ఐటీఐల మోల్డింగ్ నేర్చుకొని, యాకోబు చేరిన వారానికే ఫౌండ్రీల చేరిండు. ఇద్దరు మన యాసల 'వచ్చిండు, పోయిండు' అని మాట్లాడుకుంటుంటే అక్కడోళ్లు నవ్వేటోళ్లు. దాంతోని ఇద్దరూ ఇంకింత దగ్గరైన్రు. ఒక్క గదిల కిరాయికున్నరు. పద్నాలుగేండ్లు ఒక్క అచ్చు మీద ఇద్దరూ వంగి పనిచేసిన్రు. నర్సింగం చెయ్యి మామూలు చెయ్యి కాదు. పిడికెడు ఇసుక పట్టి వత్తి, నడుమకు విరిచి, తడి ఎంతున్నదో చెప్పేటోడు. మిషన్ పెట్టి చూసినా అంతే వచ్చేది.

1993 ఎండాకాలంల ఒక పెద్ద పంపు బాడీ పని వచ్చింది. పంపు లోపల బోలుగ ఉండాలె కాబట్టి, అచ్చు నడిమిట్ల కాల్చిన ఇసుకముద్ద ఒకటి పెడతరు. దాన్ని కోరు అంటరు. వేడి లోహం తగిలితే కోరుల ఆవిరి పుడతది. అది బయటికి పోనీకి సన్న రంధ్రం ఉంచుతరు. ఆ రంధ్రం మూసుకుంటే ఆవిరి లోహంలకే పోయి, పోత అంతా బుడగలైతది. అచ్చు తడిగ ఉన్నా అట్లనే అయితది.

అచ్చు ఆరబెట్టింది నర్సింగం. రెండు దినాలు మంట పెట్టి, చెయ్యి పెట్టి చూసి, సరే అన్నడు. కోరు కూసోబెట్టింది యాకోబు. కోరు అంచు కాడ సందు కనపడితే, జర మన్ను తడిపి బొటనవేలితోని వత్తిండు. పెట్టెలు మూసిన్రు. లోహం పోసిన్రు. లోపల గుడగుడ అని చప్పుడొచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నరు.

తెల్లారి పెట్టె విప్పితే పంపు బాడీ జల్లెడ లెక్క ఉన్నది.

"తడి అచ్చు" అన్నడు సూపర్‌వైజరు. "ఎవరు ఆరబెట్టింది?"

"నేనే సార్" అన్నడు నర్సింగం.

ఆయన తిట్టలే. కాగితం మీద రాసుకొని, మల్ల చెయ్యుండ్రి అని పోయిండు. ఆ పొద్దు కోరు కొట్టి తీసే పని యాకోబుకు పడ్డది. రంధ్రం మీద చిన్న మట్టిపెళ్ల కాలి గట్టిపడి ఉన్నది. దాని మీద బొటనవేలి గీతలు సాఫ్‌గ కనపడుతున్నయి. తన వేలే. యాకోబు చుట్టూ చూసిండు. దాన్ని కింద పడేసి, బూటుతోని తొక్కి, ఇసుకల కలిపిండు.

రేపు చెప్దామనుకున్నడు. తెల్లారి ఇంకో పని వచ్చింది. ఎవ్వరూ ఆ ముచ్చట ఎత్తలే. నర్సింగం మాత్రం మారిపోయిండు. ఆరిన అచ్చునే పదిసార్లు తాకేటోడు. "యాకోబూ, జర చూడు, ఆరిందా?" అనేటోడు. "ఆరింది రా" అని యాకోబు చెప్పేటోడు. ఎనిమిది నెలలకు నర్సింగం రాజీనామా ఇచ్చిండు.

స్టేషన్ల పెట్టె అందిస్తుంటే అన్నడు, "నా చేతికి తడి తెలుస్తలేదు రా. చెయ్యికి తెల్వనోడు ఏం మోల్డర్?"

చెప్దామని యాకోబు కిటికీ కాడికి వంగిండు. రైలు కదిలింది. యాకోబు చెయ్యి ఊపిండు.

రెబెకా పోయి రెండేండ్లయింది. ఆమె చెప్పిన మాట ఒక్కటే ఇంట్ల మిగిలింది. శంకరంపేట ఎంత దూరమని? రెండుసార్లు బస్టాండు దాకా పోయి, చాయ్ తాగి ఎనక్కి వచ్చిండు. మూడోసారి బస్సెక్కిండు.

నర్సింగం భార్య కౌసల్య తలుపు తీసింది. పేరు చెప్పంగనే, "యాకోబు అన్ననా? రాండ్రి, కూసోండ్రి. మీ పేరు ఎన్నిసార్లు విన్ననో" అన్నది.

నర్సింగం లోపలినుంచి వచ్చిండు. జుట్టు తెల్లగైంది, మనిషి సన్నబడ్డడు. "ముప్పై ఏండ్లు రా! రిటైరై మెదక్ వచ్చినవని విన్న. ఇంత దగ్గర ఉండి ఇప్పుడు యాదికొచ్చిన్నా?" అని చెయ్యి పట్టుకొని పక్కన కూసోబెట్టుకున్నడు. ఫోన్ నంబర్లు రాసుకున్నరు. ఒక గంట ఇద్దరూ ఇసుక ముచ్చట్లే. భోజనం డబ్బాలను కొలిమి కాడ వేడిచేసుకున్నది, క్యాంటీన్ల మాటకు మాట పెరిగి నర్సింగం ప్లేటు విసిరేసింది, అన్నీ. కౌసల్య వంటింట్ల నుంచి తొంగిచూసింది. "ఈయన గిట్ల నవ్వంగ నేను చూడలే అన్నా" అన్నది.

ఆ మాట విన్నంక యాకోబుకు చెప్పుడు ఇంకా కష్టమైంది. అయినా చెప్పిండు. మట్టిపెళ్ల, వేలి గీతలు, బూటుతోని తొక్కుడు, ఏదీ ఇడిచిపెట్టలే.

నర్సింగం మొహంల నవ్వు పోనీకి జరసేపు పట్టింది.

"నీ వేలే అని తెల్సా?"

"తెల్సు."

"గప్పుడే తెల్సా?"

"గప్పుడే."

"ఎనిమిది నెలలు నాతోని 'ఆరిందా చూడు' అని అడిగిచ్చుకున్నవ్." ఆయన గొంతు పెంచలే. "నా చెయ్యే పాడైందనుకున్న. ఇన్నేండ్లు నాగలి పట్టినా, మోటరు విప్పినా, ఈ చెయ్యిని నేను నమ్మలే. లే. పో ఇక్కడినుంచి."

కౌసల్య కంచాలు పట్టుకొని వచ్చేసరికి యాకోబు వాకిట్ల చెప్పులు తొడుక్కుంటున్నడు. "తినకుంటనే పోతున్నరా అన్నా?" అన్నది. ఆయన తలకాయ ఊపి, రోడ్డు మీదికి వచ్చి, ఎండల బస్సు కోసం నిలబడ్డడు.

చెప్తే మనసు బరువు దిగి అల్కగైతదని అనుకున్నడు. కాలే. ఇంట్ల అన్నం ఒక్కపూటే వండుకునేటోడు. మిషన్ మీద గుడ్డ కప్పి ఉన్నది, దాని మీద దుమ్ము దులిపేటోడు, మల్ల కప్పేటోడు. మాట్లాడకుంట నాలుగైదు దినాలు గడిచేటియి. కూరగాయల ఆమెను ధర అడగబోయి, గొంతు పెగలక దగ్గేటోడు.

నెల మీద పది దినాలకు ఫోన్ మోగింది.

"ఆ కోరు ఎన్ని కిలోలుండె?" నర్సింగం. నమస్తే లేదు, ఏం లేదు.

"తొమ్మిది."

"పక్కకు ఇంకో రంధ్రం తియ్యాలని నేను అన్న. అన్ననా, లేదా?"

"అన్నవ్. నేనే అక్కర్లేదన్న."

"అయితే నా యాది కరెక్టే." ఫోన్ పెట్టేసిండు.

వారానికి మల్ల చేసిండు. లోహం ఎంత వేడి మీద పోసిన్రు, మన్ను ఎంత పలుచగ కలిపినవ్, అని అడిగిండు. యాకోబు తెల్సినకాడికి చెప్పిండు, తెల్వనిది తెల్వదన్నడు. మూడోసారి, "బుధవారం రామాయంపేటల నాకు పనున్నది. వస్తవా?" అన్నడు.

హైవే పక్క చాయ్ హోటల్ల ఎదురుబదురు కూసున్నరు. లారీలు పోతుంటే బల్ల మీద గ్లాసులు వణుకుతున్నయి.

"నిన్ను మాఫ్ చేసిన అనుకోకు" అన్నడు నర్సింగం.

"అనుకుంటలేను."

"మరెందుకు వచ్చినవ్?"

"నువ్వు రమ్మంటివి."

నర్సింగం చాయ్ ఊదుకున్నడు. "ఇంట్ల చెప్పిన. కోరు అంటే ఏందని అడిగిన్రు. చెప్పుకుంట చెప్పుకుంట నాకే యాష్టకొచ్చింది. నీకైతే చెప్పే పనిలేదు." బస్సు టైము దాకా ఇద్దరూ పాత నమూనాల ముచ్చట మాట్లాడుకున్నరు. అది కూడా జరజర.

ఆరు నెలలాయె. నెలకో బుధవారం యాకోబు రామాయంపేట పోతడు. కొన్నిసార్లు నర్సింగం వస్తడు, ముప్పావుగంట కూసుంటడు. కొన్నిసార్లు రాడు, ఫోనూ ఎత్తడు. ఎందుకు రాలేదని యాకోబు ఎన్నడూ అడగలే. ఆ దినం ఒక్కడే చాయ్ తాగి, రెండు గంటల బస్సుకు మెదక్ తిరిగొస్తడు.