పైకి పేల్చిన గుండు

నా చిన్నప్పుడు, మిరప కళ్లాల్లో పని ముమ్మరంగా ఉన్న రోజుల్లో, మా పక్కింటి అక్క చనిపోయింది. అప్పటికే ఆమెకు పెళ్లి కుదిరి ఉంది. ఎనభైల నాటి మాట. అద్దంకికి అవతల వాగు ఒడ్డున ఉన్న పల్లె మాది.

ఆ సాయంత్రం ఆడవాళ్లు ముక్కుకు గుడ్డలు కట్టుకుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. నేను మా అమ్మ పక్కన కూర్చున్నాను. వాగు అవతలి ఊళ్లో ఎన్నికల్లో గెలిచినవాళ్ల ఊరేగింపు జరుగుతోంది. డప్పులూ టపాకాయలూ వినిపిస్తున్నాయి. మాతోపాటే కాయలు ఏరుతున్న అక్క ఉన్నట్టుండి ముందుకు ఒరిగింది. ఘాటు తలకెక్కిందనుకుని మొహాన నీళ్లు చల్లారు, కొంగుతో విసిరారు. ఎర్రటి కాయల మీద నెత్తురు కనపడలేదు. లేపబోయిన మా అమ్మ చేతికి తడి తగిలాకే అందరికీ తెలిసింది.

ఆస్పత్రిలో ఆమె ఒంట్లోంచి రివాల్వరు గుండు తీశారు. ఊరేగింపులో ఒక పెద్దమనిషి రివాల్వరు గాల్లోకి పేల్చాడని మాకు తెలుసు. అయినా అది ఇంత దూరం వస్తుందని ఎవరూ నమ్మలేదు. పైకి పేలిస్తే తారాజువ్వలా అక్కడే ఆరిపోతుందనుకునేవాళ్లం. దాంతో అక్క మీద మాటలు పుట్టాయి. ఎవడితోనో స్నేహం చేసిందనీ, పెళ్లి కుదిరేసరికి వాడే మాటువేసి కాల్చాడనీ. సమాధి చేసి వచ్చాక వాళ్లమ్మ దగ్గర కాసేపు కూర్చోవడానికి కూడా ఎవరూ వెళ్లలేదు.

మా తాతయ్య పట్టాళంలో పనిచేసి వచ్చినవాడు. ఆయన ఒక్కడే వెళ్లి, గాయం ఎక్కడని అడిగాడు. మెడ పక్కన భుజం మీద దిగి, లోపల కిందికి పోయిందట. మర్నాడు ఆయన జొన్నచేలో రాళ్లు రువ్వి పిట్టల్ని తోలే వడిసెల తీసుకుని కళ్లానికి వచ్చాడు.

"చేతి తుపాకీ గుండు వీధి చివరికే పోదంట. వాగు దాటిద్దా బాబాయ్? నీ పట్టాళం కబుర్లు మాకు చెప్పమాక," అంది ఒకామె.

"గురి కుదిరే దూరం వేరు, గుండు పోయే దూరం వేరు. చూడు."

మొదటి రాయిని నేలకు సమంగా వదిలాడు. గట్టు దాటగానే మట్టిలో పడింది. రెండోదాన్ని అంతే జోరుతో ఏటవాలుగా పైకి వదిలాడు. అది ఆకాశంలో మాయమైంది. అందరం పైకే చూస్తున్నాం. కాసేపటికి చేల అవతల పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టం రేకుల మీద ఠంగుమంది.

"కనపడలేదని పడకుండా పోయిందటే? ఇది చేతి విసురు, అది తుపాకిమందు విసురు. మాటువేసినోడైతే పక్కనుంచి తగలాల. పిల్లకి పైనుంచి దిగింది. మీరంతా చుట్టూ ఉన్నారు, పైనెవడున్నాడో చెప్పండే."

ఆ సాయంత్రం తాతయ్యను ఎదురడిగినామే అన్నం వండుకుని అక్కావాళ్లింటికి వెళ్లింది. రివాల్వరు పేల్చినాయనకు మాత్రం ఏమీ కాలేదు.

నాకు ఆ రాయి కన్నా దానికి ముందు జరిగింది ఎక్కువ గుర్తు. వడిసెల పట్టకముందే తాతయ్య మా నాన్నను బ్యారన్ దగ్గరికి పంపాడు. అక్కడ మనుషులెవరూ లేరని నాన్న దూరంగా నిలబడి తువ్వాలు ఊపాకే రాయి వదిలాడు. ఊరేగింపులో పెద్దమనిషి ఎవరినీ పంపలేదు.

ఇప్పటికీ ఏ సంబరంలోనైనా తుపాకీ చప్పుడు వింటే నేను అటు చూడను. అది పడేచోట తల వంచుకుని ఎవరు పని చేసుకుంటున్నారో అనుకుంటాను.