పాత్ర నా చేతికి వచ్చిన ఆదివారం

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, నలుగురిలో నోరు తెరవడమే రాని నన్ను ఈ రోజు మీ ముందు నిలబెట్టిన దేవునికి వందనాలు! నా పేరు సుగుణ. ఇల్లు ఉప్పల్‌లో, పని నాచారంలో మందుబిళ్లలు ప్యాకింగు చేసే కంపెనీలో.

నాలుగేళ్ల కింద, ఎనభైల చివరలో, నాకు టీబీ వచ్చింది. దవాఖానా మందులు వాడి, దేవుని దయవల్ల పూర్తిగా బాగై, "ఇక నీవల్ల ఎవరికీ అంటదమ్మా" అని డాక్టరు చెప్పాకే పనికి తిరిగి వెళ్లాను. జబ్బయితే పోయింది గానీ జబ్బు పేరు పోలేదు! మధ్యాహ్నం ఆడవాళ్లమంతా గుండ్రంగా కూర్చుని, ఎవరి కూర వాళ్లు టిఫిను మూతలో వేసి చుట్టూ తిప్పుతాం. నా మూత అందరి చేతులూ దాటి, వేసింది వేసినట్టే నా దగ్గరికి వచ్చేది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది, నేనూ తిరిగి ఒకటి అనేదాన్ని!

మొదట వాళ్లను మంచి చేసుకోవాలని చూశాను, వాళ్ల పని కూడా నేనే చేశాను, నవ్వు రాకపోయినా నవ్వాను. ఏదీ పని చేయకపోయేసరికి మనసు రాయి చేసుకుని మెట్ల కింద ఒక్కదాన్నే తిన్నాను. ఎవరు నవ్వినా నన్ను చూసే అనుకున్నాను. బస్సులో పక్కామె తన స్టాపు వచ్చి దిగినా, నన్ను చూసే లేచిందనుకున్నాను!

చివరికి మందిరంలోనూ తలుపు దగ్గరే కూర్చునేదాన్ని. ప్రభు భోజనానికి మన సంఘంలో ద్రాక్షారసం పాత్ర ఒక్కటే, చేతి నుంచి చేతికి వస్తుంది కదా, నేను తాగితే నా తరువాత ఎవరు తాగుతారు? పాత్ర వచ్చే వేళకు లేచి వెళ్లిపోయేదాన్ని. ఇక్కడ నన్ను ఎవరూ పొమ్మనలేదు, అయినా నేనే పోయాను. ఇంట్లో మోకరించి ఏడ్చేదాన్ని. "ప్రభువా, అందరు నన్ను పక్కకు నూకిన్రు, నువ్వన్న నూకకు, ఒక్క మనిషినన్న నా దగ్గరికి పంపు!"

ఆయన విన్నాడు! ఒక ఆదివారం, ఉప్పల్‌లో కూరగాయలు అమ్మే శాంతమ్మత్త వచ్చి నా చాప మీదే కూర్చుంది. పాత్ర వస్తుంటే నేను లేవబోయాను. అత్త నా కొంగు పట్టుకుంది.

"ఏడికి పోతున్నవ్ బిడ్డా? కూసో."

"నేను తాగితే మీరెట్ల తాగుతరు అత్తా?"

"పిచ్చిదానా, రమ్మన్నది ప్రభువు. నువ్వు తాగు, నీ తర్వాత నేను తాగుత."

మళ్లీ కూర్చుని తాగాను. అత్త పాత్ర అందుకుని, అంచైనా తుడవకుండా, నా పెదవులు తగిలిన చోటే తాగి పక్కామెకు ఇచ్చింది, ఆమె తాగింది, ఆ పక్కామె తాగింది! నాకు ఏడుపు ఆగలేదు, పాస్టరు అయ్యగారు పాట ఆపి మరీ చూశారు. అంత సంతోషం నేనెన్నడూ ఎరగను.

కంపెనీలో కొందరు ఇప్పుడు నాతో తింటున్నారు, కొందరు ఇప్పటికీ తినరు. వాళ్ల భయం వాళ్లది, వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్ల కోసం రోజూ ప్రార్థిస్తున్నాను. ఈ మనసు నాది కాదు, ఆయన ఇచ్చిందే, మహిమంతా ఆయనకే!

ప్రియులారా, నేనెవరికీ అక్కర్లేదు అనుకుంటూ మీలో ఎవరైనా తలుపు దగ్గర కూర్చుని ఉంటే, ఆయనను నమ్మండి, ఈ రోజు మాత్రం లేచి వెళ్లకండి. పాత్ర వస్తుంది, తాగండి. మీ తరువాత నేను తాగుతాను.